కళ్లు మూసుకుని చేతులెత్తే సర్వే

సిద్దిపేటలో ఒక క్రైస్తవ సేవాసంస్థలో మూడేళ్లు పనిచేశాను. ఉద్యోగం పేరు పర్యవేక్షణ, మూల్యాంకనం. పేరు చూసి భయపడకండి. మేమిచ్చిన సాయం జనానికి అక్కరకొచ్చిందా లేదా అని చూసి రాయడమే. సంస్థకు పెద్ద, చర్చికి పాస్టరు అయిన మా అయ్యగారు దానికో పద్ధతి కనిపెట్టాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సాయం అందుకున్నవాళ్లందరినీ చర్చి హాల్లో కూర్చోబెట్టి, ప్రార్థన కాగానే అనేవాడు: "అందరు కండ్లు మూసుకోండ్రి. మన సంస్థ ద్వారా దేవుడు మేలు చేసిండని నమ్మేటోళ్లు చేతులెత్తండ్రి."

కళ్లు తెరుచుకుని ఉండేది నేనొక్కదాన్నే. లేచిన చేతులు లెక్కపెట్టి ఫారం నింపాలి. దేవుడి పేరు పెట్టి అడిగితే చెయ్యెత్తనిదెవరు? ఇదీ మా సర్వే, సిగ్గులేని సర్వే! ఆ ఫారాలు చూసి దాతలు మురిసిపోయేవాళ్లు.

చిన్నకోడూరు వైపు పల్లెలో ఒకామెకు కుట్టుమిషన్ ఇచ్చాం. భర్త పోయిన మనిషి. ప్రతిసారీ ముందు లేచేది ఆమె చెయ్యే. ఒకసారి ఎండాకాలంలో వాన పట్టుకుంటే తడుస్తూ ఆమె ఇంట్లో దూరాను. మిషన్ మీద బియ్యం డబ్బా, బోర్లించిన గిన్నెలు.

"ఏందక్కా గిది?"

"తెచ్చిన నాటి నుంచి కుట్టు పడ్తలేదు చెల్లె. దారం తెగుతనే ఉంటది."

"మరి చెయ్యెందుకు ఎత్తినవ్?"

"దేవుడు మేలు చెయ్యలేదని ఏ నోటితోని అనాలె?" అని గొంతు తగ్గించింది. "బడి పిల్లల డ్రెస్సులు నాకే ఇస్తమన్నరు సార్లు. బడి తెరిచేలోపల జర బాగు చేపియ్యి. లేకుంటే మళ్ల పత్తి గింజలు పెట్ట కూలికి పోవుడే."

"చేపిస్త" అన్నాను.

ఉన్నదున్నట్టు రాసిచ్చాను. అయ్యగారు చదివి నిట్టూర్చాడు. "ఆమెకు విశ్వాసం తక్కువైందమ్మా. ప్రార్థన చేద్దాం."

దారం తెగితే విశ్వాసం తక్కువట! మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడమంటే ఇదే. తన కారు మొరాయిస్తే మాత్రం ప్రార్థన చేయడు, షెడ్డుకు పంపిస్తాడు. నా కాగితం బీరువాలోకి పోయింది. నేనూ మళ్లీ అడగలేదు. ఉద్యోగం పోతుందని భయం.

బడి తెరిచే ముందు ఆదివారం మళ్లీ అదే తంతు. అందరి చేతులూ లేచాయి. ఆమెది లేవలేదు. కళ్లు తెరిచి, సూటిగా నన్నే చూస్తోంది. ఆ హాల్లో తెరిచి ఉన్న కళ్లు మా ఇద్దరివే.

తేలు కుట్టిన దొంగలా తల దించుకుని, ఫారంలో "అందరూ" అని రాశాను.

బడి తెరిచిన వారం, బస్సు కిటికీలోంచి ఆమె కనబడింది. ఎవరిదో చేలో వంగి పత్తి గింజలు పెడుతోంది. బస్సు ఆపమని నేను అనలేదు.