చెవి కింద రెండు వేళ్లు

సైకోథెరపీ నేర్చుకునేవాళ్లు ఆమెను చాటుగా అద్దమ్మ అంటారు. ఆమెకూ తెలుసు, తెలియనట్టు ఊరుకుంటుంది. శిష్యులు మనుషుల బాధలు వింటూంటే, పక్కనున్న చీకటి గదిలో కూర్చుని అద్దంలోంచి వాళ్లను గమనించడం ఆమె పని. ఆ గదిలో లైటు వేయనంతవరకూ అటువైపువాళ్లకు అది ఉత్త అద్దమే. వెనక మనిషి ఉంటుందని ముందే చెప్పి ఒప్పిస్తారు గానీ, కాసేపటికి ఎవరికీ గుర్తుండదు. చదువుకుని వచ్చినవాళ్లకు నోరు మూసుకుని వినడం నేర్పడమంత కష్టం లోకంలో ఇంకోటి లేదని ఆమె విసుక్కుంటుంది.

అద్దమ్మకు ఈ విద్య నేర్పిన పెద్దావిడ పోయి ఏడాదైంది. పోయిందని పేరే గానీ ఎక్కడికీ పోలేదు. ఎదుటివాళ్లు మాట మధ్యలో ఆగిపోతే తల ఓ పక్కకు వాల్చి, చెవి కింద రెండు వేళ్లు ఆనించి, "ఊఁ... ఆ తర్వాత?" అనడం ఆవిడ అలవాటు. అది అద్దమ్మకు అంటుకుంది. ఆమె నుంచి శిష్యులకు జలుబులా పాకింది. ఆవిడ ముఖమైనా ఎరగని పిల్లలు అచ్చం ఆవిడలా తల వాలుస్తుంటే చీకట్లో అద్దమ్మ ఒళ్లు జలదరించేది.

ఆ రోజు కొత్తగా చేరిన అమ్మాయి ఎదుట ఒక నడివయసు మనిషి కూర్చుంది. తల్లి పోయిందట, ఇప్పటికీ ఏడుపు రావడం లేదట. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. అమ్మాయి తల వాల్చి, రెండు వేళ్లు ఆనించింది.

"ఊఁ... ఆ తర్వాత?"

వచ్చినావిడ ముఖం పాలిపోయింది. సంచీ అందుకుని లేచి నిలబడింది.

"అది మా అమ్మది. మీకెలా వచ్చింది?"

అమ్మాయి బిక్కమొహం వేసి అద్దం వైపు చూసింది.

ఆవిడెవరో అద్దమ్మకు అర్థమైంది. పెద్దావిడకో కూతురుందని విన్నదే తప్ప ఏనాడూ చూడలేదు. ఈవిడ ఇప్పుడు గుమ్మం దాటితే మళ్లీ ఎవరి దగ్గరా నోరు విప్పదు. మధ్యలో చీకటి గదివాళ్లు బయటపడకూడదన్నది పెద్దావిడ పెట్టిన కట్టుబాటే. ఆవిడ మాట అద్దమ్మ ఎన్నడూ జవదాటలేదు. అయినా ఒక చేత్తో లైటు వేసింది.

అద్దం వట్టి గాజుపలక అయిపోయింది. రెండో చేయి తన చెవి కిందే ఉందని అద్దమ్మకు అప్పుడు తెలిసింది. చటుక్కున దించేసింది.

"మీ అమ్మగారే నేర్పారమ్మా," అంది మైకులో. "నాకు ఆవిడ, వీళ్లకు నేను."

కూతురు గాజు దగ్గరికి వచ్చింది.

"ఇంటికొచ్చినవాళ్లతో అలా కూర్చునేది. నేను తలుపు సందులోంచి చూసేదాన్ని. నాతో మాత్రం 'అలిసిపోయానే, రేపు చెప్పు' అనేది."

"ఆ తర్వాత?" నాలుక చివరిదాకా వచ్చింది. అద్దమ్మ దాన్ని మింగేసింది.

 కూతురు సంచీ కింద పెట్టింది.

"ఆ లైటు ఆర్పకండి," అని ఏడవసాగింది.