ఐదు కాదు, తొమ్మిది

ఆ ఆస్పత్రి మీద నాకు కోపం ఇంకా పోలేదు. పోగొట్టుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు.

నేను బస్సు కండక్టర్‌ని. పద్నాలుగేళ్లుగా ఎక్కువగా తాండూరు, వికారాబాద్ దారిలోనే తిరుగుతున్నాను. డ్యూటీలో నీళ్లు తాగను. తాగితే మధ్యలో ఎక్కడికి పోవాలి? మగవాళ్లయితే బస్సు ఆపుకొని చెట్టు చాటుకు పోతారు. ఎండాకాలమైనా సరే, నాకు ఎక్కేముందు ఒక గ్లాసు, దిగాక ఒక గ్లాసు. కిడ్నీలో రాయి ఉందని ఈ గొడవకు ముందు ఏడాదే తేలింది. "నీళ్లు బాగా తాగాలమ్మా" అన్నాడు అప్పుడు చూసిన డాక్టరు. ఆయనకేం, చెప్తాడు.

ఆ రోజు పొద్దున ధారూర్ దాటాక నడుముకు ఎడమపక్కన నొప్పి పట్టింది. అనంతగిరి ఘాట్ మలుపులకు వచ్చేసరికి నిలబడలేక టికెట్ మిషన్ ముందు సీటులో ఉన్నామె ఒళ్లో పడేసి, మెట్ల దగ్గర కూలబడి వాంతి చేసుకున్నాను. బస్సు నిండా జనం. "మాకు కోర్టు టైమైతుంది, యాడ గూడ ఆపకుండ్రి" అన్నాడొకాయన. డ్రైవరన్న తల కూడా తిప్పకుండా, "ఆడమనిషి పానం మీదికొస్తే నీకు కోర్టు గావాల్నా? మూస్కొని కూసో" అన్నాడు. బస్టాండుకు పోకుండా రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు ఆస్పత్రి ముందు ఆపి, నన్ను రెక్క పట్టుకొని లోపలికి తీసుకెళ్లాడు. జనం తిట్టుకుంటూ దిగి నడిచిపోయారు.

చిన్న వయసు డాక్టరు. స్కానింగ్ చేసి, రాయి కిడ్నీలోంచి గొట్టంలోకి జారిందన్నాడు. నొప్పి తగ్గే సూది వేస్తాడనుకున్నాను. సూది కంటే ముందు ఫైలు వచ్చింది, ఫైలు పట్టుకొని పాతికేళ్ల అమ్మాయి వచ్చింది. కిడ్నీ రాయి నొప్పికి ముక్కులో కొట్టుకునే మందు ఒకటి తయారైందట. అది పనిచేస్తుందో లేదో పరీక్షిస్తున్నారు. ఆ వివరాలు రాసుకోవడం ఈ అమ్మాయి ఉద్యోగం. కొందరి సీసాలో మందు ఉంటుంది, కొందరి సీసాలో ఉట్టి ఉప్పునీళ్లు. ఎవరికి ఏది పడిందో డాక్టరుకూ తెలియదు, తనకూ తెలియదు. అరగంటలో నొప్పి తగ్గకపోతే వెంటనే సూది వేస్తారు. తగ్గితే సూది వేయకుండా ఇంకో అరగంట చూస్తారు. "ఇష్టం లేకుంటే వద్దనొచ్చు అక్కా, ఇప్పుడే సూదేస్తరు" అని కూడా చెప్పింది. ఆ మాట చెప్పిన సంగతి నేను దాచను.

"వద్దు చెల్లె. మనమేమన్న ఎలుకలమా?" అన్నాడు డ్రైవరన్న.

"నువ్వు జర బయటికి నడువన్నా" అని కసిరాను.

సంతకం ఎందుకు పెట్టానంటే, అలాంటి సీసా ఒకటి సంచిలో ఉంటే డ్యూటీలో భయం లేకుండా తిరగొచ్చని ఆశ పుట్టింది. ముక్కులో అటొకసారి, ఇటొకసారి కొట్టారు. గొంతులోకి ఏదో దిగింది. చేదో ఉప్పో చెప్పలేను.

సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే అంతకు మించి ఉండదన్నట్టు. ఎంతుందో చెప్పమంది ఆ అమ్మాయి. తొమ్మిదన్నాను. పది నా మొదటి కాన్పుకు ఉంచాను. పది నిమిషాలకు అడిగితే తొమ్మిది. ఇరవై నిమిషాలకూ తొమ్మిదే. అరగంటకు మళ్లీ వచ్చింది.

"జర తగ్గినట్టుంది గద అక్కా? మొఖం తేటగైంది."

"తగ్గలే."

"కొంచెం గూడ తగ్గలేదా?"

"తొమ్మిదే."

తలూపి రాసుకుంది. నా మంచం పక్కనే నిలబడి రాసింది. కదిలే బస్సులో పాసులు చదివే కళ్లు నావి. కాగితం మీద ఐదు ఉంది. ఐదంటే తగ్గినట్టు. ఇంకో అరగంట సూది లేనట్టు.

లేచి కూర్చొని కాగితం అంచు పట్టుకున్నాను. "గీ ఐదు ఎవరిది?" అని అరిచాను. అమ్మాయి లాక్కోబోయింది. నేను వదల్లేదు. డాక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"ఇంత గట్టిగా అరుస్తున్నారంటే నొప్పి తగ్గినట్టే కదమ్మా" అన్నాడు.

ఆ మాటకు ఒళ్లు మండిపోయింది. "పద్నాలుగేండ్ల సంది బస్సుల అరుస్తున్న సార్. నా గొంతుకు నా నొప్పితోని పనిలేదు. నేను తొమ్మిదని చెప్పిన. ఐదని చెప్పినోళ్లకు సూదెయ్యకుండ్రి, నాకెయ్యుండ్రి."

గోల విని డ్రైవరన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. డాక్టరు అమ్మాయి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఆయన ఐదును కొట్టేసి, పక్కన తొమ్మిది వేసి, సంతకం పెట్టాడు. అప్పుడు కాగితం వదిలాను. నర్సు సూది వేసింది. పావుగంటలో నొప్పి దిగింది. ఎవరూ క్షమించమనలేదు.

మధ్యాహ్నం అమ్మాయి ఒక్కతే వచ్చింది. "మీకంటే ముందు ముగ్గురికి పది నిమిషాలల్ల తగ్గిందక్కా. ఒకాయనైతే లేచి చాయ్ తాగిండు. మంచి మందు. మీకు గూడ తగ్గే ఉంటది, బాధల సరిగ్గ చెప్తలేరేమో అనుకున్న."

"నువ్వే అనుకునేదానికి నన్నడుగుడెందుకు?" అన్నాను. ఏడ్చింది. ఊరుకోమని నేను అనలేదు.

ఇంట్లో నాలుగు రోజులు కడుపు ఉబ్బేలా నీళ్లు తాగితే రాయి పడిపోయింది. ఆ మరుసటి వారం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. కాగితం మీద దిద్దిన అంకె చూసి, పరీక్షను తనిఖీ చేసే పైవాళ్లు నాతో మాట్లాడతారట. "ముందు ఐదని చెప్పి, తర్వాత నేనే తొమ్మిదని మార్చిన అనుండ్రి అక్కా. నా నౌకరి పోతది" అని బతిమాలింది. ఫోన్ పెట్టేశాను. పైవాళ్లు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాను.

డ్యూటీలో చేరాక డ్రైవరన్నకు ఈ సంగతి చెబితే, "ఒక్క మాట దాస్తే ఏం పోయేది చెల్లె? ఆ పిల్ల నౌకరి నిలబడుతుండె" అన్నాడు. ఎలుకలమా అని అడిగిన మనిషే! రెండు రోజులు మా ఇద్దరి మధ్య విజిల్ ఒక్కటే మాట్లాడింది.

కొన్ని నెలలకు ఆ అమ్మాయి వికారాబాద్‌లో మా బస్సే ఎక్కబోయి, నన్ను చూసి మెట్టు మీదే ఆగిపోయింది.

"ఎక్కితే ఎక్కు, బస్సు లేటయితుంది" అన్నాను.

ఎక్కి ఆధార్ కార్డు చూపించింది. తాండూరుకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టాను. తాండూరులో మందుల దుకాణంలో పనిచేస్తున్నానని నేను అడక్కుండానే చెప్పింది. టికెట్ తీసుకొని, "మీ సీసాల ఏముండెనో మీకు చెప్పిన్రా?" అని అడిగింది.

"చెప్పలే."

"నాకైతే ఉప్పునీళ్లే అనిపిస్తుంది. ఉప్పునీళ్లయితే మీరన్న తొమ్మిదే ఆ మందుకు మంచిదక్కా. నేను ఐదేసి, ఉప్పునీళ్లు గూడ మందు లెక్కనే పనిచేసినట్టు చేస్తుంటి. ఇంటికాడ కూసున్నంక తెలిసొచ్చింది."

అంత దూరం ఆలోచించిన మనిషికి ఆ రోజు నా మాట ఎందుకు చెవికెక్కలేదో అడుగుదామనుకున్నాను. అడగలేదు. జాలేసిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆమె కిటికీ పక్కన సీటు చూసుకొని కూర్చుంది. నేను వెనక సీట్లవాళ్లకు టికెట్లు కొట్టడానికి పోయాను.