సూది మరిచిపోని లక్ష్మక్క

పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో బిడ్డ పుట్టినా, కొత్త కోడలు ఇంటికి వచ్చినా మా లక్ష్మక్కకు కబురు వస్తుంది. పాత చీరలు మూటగట్టి తెచ్చి ఆమె ముందు పెడతారు. ఆమె వాటిని పొరలు పొరలుగా పరిచి, బొంత కుట్టి ఇస్తుంది. ఆ బొంత కప్పుకుంటే చలి దగ్గరికి రాదు, పరుచుకుంటే కింద నాపరాయి ఉన్న సంగతే తెలియదు. లక్ష్మక్క మా తమ్ముని పెండ్లాం. ఇంటిమనిషి కాబట్టి పొగుడుతోందని అనుకునేవాళ్లు అనుకోండి. ఆడబిడ్డ నోటి నుంచి మంచిమాట వచ్చిందంటే ఆ పని ఎంత బాగుండాలో మీరే ఆలోచించుకోండి.

మా వైపు బొంతకు ఒక పద్ధతి ఉంది. కుట్టేది ఎవరైనా, చివరి మూల మూసి ముడి వెయ్యాల్సింది ఆ బొంత చేరే ఇంటి ఆడమనిషే. అప్పుడే అది ఆ ఇంటిదవుతుంది. అందుకని లక్ష్మక్క ఆ మూల కొంచెం కుట్టకుండా వదిలి, దారం ఎక్కించిన సూదిని అక్కడే గుచ్చి, బొంతను తానే మోసుకుపోతుంది. ఇంటావిడ ఆ సూదితోనే నాలుగు కుట్లు వేసి, ముడి బిగించి, సూదిని తిరిగి లక్ష్మక్క చేతిలో పెడుతుంది.

ఎప్పుడో పక్క ఊళ్లో ఒకామె బొంత నడుమ సూది మరిచింది. అది పసిబిడ్డ వీపున దిగింది. ఆ తర్వాత ఆమె గడపకు ఎవరూ పాత చీర తీసుకుపోలేదు. బొంతలు కుట్టేవాళ్లను సూది మరిచిన మనిషి అంటే మా పల్లెల్లో అంతకు మించిన తిట్టు లేదు. లక్ష్మక్క ఇన్నేళ్లలో ఆ మాట పడలేదు.

ఆమె కోడలు నాగలత చురుకైనది. బొంతలకు ఫోటోలు తీసి ఫోన్లో పెడితే హైదరాబాదులో చేతిపని సరుకులు అమ్మే అంగడివాళ్లు చూసి, మాకు పంపండి అన్నారు. కాకపోతే బీమా కట్టాలన్నారు.

"బీమానా? నేను చస్తే వచ్చేదా?" అంది లక్ష్మక్క.

"చచ్చేదానికి కాదత్తా. మన సరుకు వల్ల కొన్నోళ్లకు దెబ్బ తగిలితే, ఆ ఖర్చు కంపెనీ పెట్టుకుంటాది. బొమ్మలు చేసేటోళ్లు, సబ్బులు చేసేటోళ్లు అందరూ కట్టుకుంటాండారు."

"బొంతతో దెబ్బ తగిలేదేందే? నేనేమన్నా కొడవండ్లు కుడతాండానా? నా పని మీద నాకే నమ్మకం లేదని డబ్బు కట్టి మరీ చెప్పుకోవాల్నా?"

నేను ఊరుకోలేదు. "నీ మొగుడు బండికి బీమా కడతాండాడు గదా. అంటే వానికి బండి నడిపేది రాదనా?"

"రాదు వదినా. ఆ మాట నిజమే" అంది.

టమాటా గంపలు సర్దుతున్న మా తమ్ముడు చెవుడు వచ్చినట్టు నటించాడు. ఆ నవ్వులో నవ్వుగా లక్ష్మక్క ఒప్పుకుంది.

మొదటి మూట హైదరాబాదు పోయింది. ప్రతి బొంతకూ చివరి మూల వదిలి, సూది గుచ్చి పంపింది లక్ష్మక్క. మడతపెట్టి మూట కట్టిన నాగలతకూ అందులో వింత కనిపించలేదు. నాకూ కనిపించలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కదా.

కొద్ది రోజులకు అంగడివాళ్లు ఫోన్ చేశారు. ప్రమీలారాణి అనే ఆమె బొంత కొని, మంచం మీద పరిచి కూర్చుంది. సూది తొడలో దిగి లోపలే విరిగింది. ఆసుపత్రిలో కోసి తీయాల్సి వచ్చింది. మిగతా బొంతలన్నీ అల్మరాల్లోంచి దించేశామని చెప్పి, ఇంత నిర్లక్ష్యమా అని అరిచారు.

"ఆ తల్లికి ఎట్లుండాదంట?" అని అడిగింది లక్ష్మక్క.

బీమా కంపెనీ తరఫున విచారించడానికి కర్నూలు నుంచి రాజశేఖర్ అనే అతను వస్తున్నాడని తెలిసింది. ఆ పొద్దున నాగలత అత్త పక్కన కూర్చుంది.

"అత్తా, సూది మరిచిపోయినానని చెప్పు. పొరపాటు అయితేనే కంపెనీ ఇస్తాదంట. కావాలని పెట్టినామంటే ఇయ్యదని అంటాండారు. అప్పుడు ఆసుపత్రి ఖర్చంతా మన నెత్తినే. చేను అమ్ముకోవాల్సి వస్తాది."

"మరిచిపోయినానని నా నోటితో చెప్పాల్నా?"

"ఒక్క మాటే గదా అత్తా."

"నీకు ఒక్క మాటే. ఇన్నేండ్లు నేను కుట్టిందంతా ఆ మాటతో ఊడిపోతాది."

నా వైపు చూసింది. ఒకపక్క చేను, ఒకపక్క పేరు. ఏది వదులుకోమని చెప్పేది?

రాజశేఖర్ వచ్చి చాప మీద కూర్చున్నాడు. నెమ్మదైన మనిషి. మజ్జిగ తాగి, గ్లాసు పక్కన పెట్టి అడిగాడు. "పెద్దమ్మా, సూది పొరపాటున ఉండిపోయిందా?"

"లేదప్పా. నేనే పెట్టినా."

నాగలత తల పట్టుకుంది.

"ఎందుకు పెట్టినారు?"

"కొన్న తల్లి చివరి ముడి ఎయ్యాల గదా" అని లక్ష్మక్క లోపలి నుంచి బొంత తెచ్చి పరిచింది. వదిలిన మూల చూపించింది. సూది ఎట్లా తీస్తారో, ముడి ఎట్లా వేస్తారో అంతా చెప్పింది. చెబుతుంటే గొంతులో బెరుకు పోయి పెద్దరికం వచ్చింది.

అతను ఆ మూలను వేళ్లతో తడిమి చూశాడు. "బాగుంది పెద్దమ్మా. ఈ సంగతి ఆమెకు చెప్పినారా?"

"చెప్పేదేముండాది? అందరికీ తెలిసిందే గదా."

"హైదరాబాదులో ఎవరికి తెలుసు?"

లక్ష్మక్క పరిచిన బొంతను మడిచి పక్కన పెట్టింది.

"రాసుకో అప్పా" అంది. "సూది నేను తెలిసే పెట్టినా. దాని సంగతి చెప్పకుండా పంపినా. ఆ తప్పు నాదే. మరిచిపోయిందని మాత్రం రాయొద్దు."

"ఎదుటి మనిషికి హాని చెయ్యాలని పెట్టలేదు కదా పెద్దమ్మా. చెప్పాల్సింది చెప్పకపోవడం కూడా పొరపాటే. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. తేల్చేది పైవాళ్లు" అని లేచాడు.

ఆ తర్వాత ఇంట్లో చేను మాట ఎవరూ ఎత్తలేదు. అందరి మనసులోనూ అదే ఉండేది. ఊళ్లో మాత్రం లక్ష్మక్క సూది మరిచిందంట కదా అని ఒకతె బావి దగ్గర నన్నే అడిగింది. "మా లక్ష్మక్క మరిచేది నీలాంటోళ్ల మొహాలే" అన్నాను. ఆమె బిందె ఎత్తుకుని పోయింది.

చివరికి కంపెనీవాళ్లు ఒప్పుకున్నారు. ప్రమీలారాణి ఆసుపత్రి ఖర్చు వాళ్లే ఇచ్చారు. ఇకమీదట ఏ బొంతలోనూ సూది ఉంచి పంపకూడదని గట్టిగా చెప్పారు. లక్ష్మక్క సరేనంది కానీ మూల మూయడానికి ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ మూల దగ్గర దారం మాత్రమే వేలాడుతుంది. పక్కన ఒక గుడ్డ ముక్క కుట్టి ఉంటుంది. దాని మీద నాగలత రాత: "ఇందులో సూది లేదు. మీ ఇంటి సూదితో మీరే ముడి వేసుకోండి." అంగడివాళ్లు మళ్లీ బొంతలు పెట్టుకున్నారు.

మనసులో ముల్లు పోక లక్ష్మక్క ఒకరోజు ప్రమీలారాణికి ఫోన్ చేయించింది.

"తల్లీ, ఆ బొంత తిప్పి పంపు. ఇంకోటి కుట్టి ఇస్తా."

"ఎందుకమ్మా? నన్ను పొడిచింది, ఇక నా దగ్గరే పడి ఉంటుంది" అని నవ్విందామె. ఫోన్లో మనిషి కనిపించేట్టు పెట్టి, ఆ మూల చూపిస్తూ తన సూదితో కుట్టింది.

"వంకర పోతాండాది" అంది లక్ష్మక్క. ఎంత చెప్పినా ఆ నోరు ఊరుకోదు.

"పోనీయండమ్మా. నా కుట్టు ఇంతే."

"సరే, ముడి గట్టిగా బిగించు. ఇంగ అది నీ ఇంటిది."

పోయిన వారం హైదరాబాదు నుంచి మా లక్ష్మక్కకు ఒక మూట వచ్చింది. విప్పితే ప్రమీలారాణి పాత చీరలు, వాళ్లమ్మ కట్టి విడిచినవి కూడా ఉన్నాయి. తన మనవరాలికి బొంత కావాలంట. లక్ష్మక్క ఒక్కో చీరనూ వెలుతురుకు పట్టి, నూలు చూసి, పక్కన పేర్చింది. ఆ పేర్చడంలోనే తెలిసిపోయింది, తల ఎంత ఎత్తున ఉందో.

"కండ్లు సరిగ్గా ఆనవు వదినా, సూదిలోకి దారం ఎక్కియ్యి" అని నాకు ఇచ్చింది. ఎక్కించి ఇచ్చాను.