కల్వర్టు ఇవతల ఆగిన పెళ్లికారు

నా చిన్నప్పుడు, మా పిన్ని పెళ్లినాడు, మా తాతయ్యకు మోకాలు నొప్పి రాలేదు. ఈ మాట ఇంతవరకూ నేనెవరికీ చెప్పలేదు. డైరీ రాసుకునే అలవాటున్నా అందులో కూడా రాయలేదు.

మా అమ్మమ్మగారి ఊరు టెక్కలి నుంచి భావనపాడు వెళ్లే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. చలికాలం వచ్చేసరికి ఎక్కడెక్కడి నుంచో గూడబాతులు, కొంగలు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. పిల్లలకు రెక్కలొచ్చేదాకా ఉండి వెళ్లిపోతాయి. మా ఊళ్లో వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లలంటారు. పెద్ద చప్పుడైతే తల్లులన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఆ తోపులాటలో గూట్లోని పిల్లలు జారి కింద పడతాయి. పడిన పిల్ల బతకడం అరుదు.

అందుకని ఆ నెలల్లో ఏ బండైనా ఊరి మొదట్లోని కల్వర్టు దగ్గరే ఆగిపోవాలి. కార్లూ వ్యాన్లూ పక్కనున్న బీడులో, లైట్లు చెట్లవైపు పడకుండా, ముఖం రోడ్డు వైపు తిప్పి పెట్టాలి. మోటారు సైకిలైతే ఇంజను ఆపి నెట్టుకుంటూ రావాలి. హారన్ కొట్టకూడదు. అటవీశాఖ వాళ్లు బోర్డు పెట్టింది తరవాతే. అది అంతకుముందు నుంచీ ఉన్న ఊరి కట్టుబాటు. దాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్న మనిషి మా తాతయ్య.

పిన్ని పెళ్లి మాఘమాసంలో కుదిరింది. అంటే గూళ్లనిండా పిల్లలున్న రోజులు. బ్యాండు వద్దనుకున్నారు, మైకు వద్దనుకున్నారు, బాణసంచా ఊసే లేదు. అమ్మమ్మ అప్పటికే పోవడంతో కన్యాదానానికి పెద్దమావయ్య, అత్త పీటల మీద కూర్చున్నారు. అల్లుడి కాళ్లు కడిగే భాగ్యం తాతయ్యకు లేకపోయింది. ‘‘కడగడానికి లేకపోతే పోనీ, కళ్లతో సూడ్డానికి ఎవులడ్డొత్తారు?’’ అని నెలరోజుల నుంచీ తనకు తానే చెప్పుకుంటున్నాడు. పిన్ని ఆయనకు ఆఖరి పిల్ల. అమ్మమ్మ పోయాక ఆయన వండిపెట్టి, జడవేసి పెంచిన పిల్ల.

మగపెళ్లివారు చీపురుపల్లి నుంచి వచ్చారు. పూలు చుట్టిన కారు ముందు, వ్యాను వెనక. నేను తాతయ్య వేలు పట్టుకుని కల్వర్టు దగ్గర ఎదురుచూస్తున్నాను. కారు తోలుకొచ్చింది పెళ్లికొడుకు మేనమామ. కొత్తగా కొన్న కారు. తాతయ్య చేతులు జోడించి, బండ్లు ఇక్కడే ఆపాలనీ ఊళ్లోకి నడిచి రావాలనీ చెప్పేసరికి ఆయన ముఖం ఎర్రబడింది.

‘‘ఏటీ, పెళ్లికొడుకుని నడిపిత్తారా? సావుకైనా డప్పు కొడతారు గదయ్యా, పెళ్లికి హారన్ కూడా కొట్టకూడదేటి?’’

వెనక కూర్చున్న కుర్రాళ్లు పగలబడి నవ్వారు. తాతయ్య నొచ్చుకోలేదు. ‘‘పురిటి గది గుమ్మంలో నిలబడి నువ్వు మాత్రం హారన్ కొడతావేటి బావా?’’ అన్నాడు. ఆ మాటకు పెళ్లికొడుకు తల్లి తలెత్తి చెట్లవైపు చూసింది. కొమ్మకొమ్మకీ గూళ్లు, గూళ్లమీద తెల్లగా పక్షులు. ‘‘ఓలమ్మా, ఎంత మంది పురిటాళ్లో! దిగండర్రా, నడిత్తే కాళ్లరిగిపోతాయేటి?’’ అంటూ ముందు ఆవిడే దిగింది. ఆవిడ వెనక పెళ్లికొడుకు, అతని వెనక అందరూ.

అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. కానీ అందరూ ముందుకు వెళ్లాక మేనమామ కారుకు ఆనుకుని నిలబడిపోయాడు. కొత్త కారు మీద గీత పడితే జవాబెవరు చెబుతారన్నాడు. కూలివాణ్ణి కాపలా పెడితే ఒప్పుకోనన్నాడు. ‘‘మీ ఇంటి పెద్దోడెవడైనా నిలబడాల. లేదా, నాను కారు లోపలికి తోలుకెళ్తాను. ఆపినోణ్ణి సూత్తాను’’ అన్నాడు. పెద్దమావయ్య పీటల మీద కూర్చోవాల్సిన మనిషి. ముహూర్తం దగ్గర పడుతోంది. తాతయ్య ఒకసారి ఊరివైపు చూసి, భుజం మీది తువ్వాలు తీసి కల్వర్టు గోడ మీద పరుచుకుని కూర్చున్నాడు.

‘‘నానుంటాన్లే బావా. నువ్వెల్లి అచ్చింతలెయ్యి.’’

అంత మాట వస్తుందని మేనమామ అనుకున్నట్టు లేదు. కారు తాళం జేబులో వేసుకుని ఊళ్లోకి వెళ్లిపోయాడు. అప్పుడు తాతయ్య నన్ను దగ్గరకు తీసుకున్నాడు.

‘‘ఒసే గుంటా, మోకాలు పట్టీసినాదని సెప్పు. ఈ కారు కాపలా సంగతెవులికీ సెప్పకు. నీ పిన్ని రేపట్నుంచి ఆలింట్లో కూడు తినాల. ఇది తెలిత్తే దానికి ముద్ద దిగదు.’’

నేను పరుగెత్తుకెళ్లి చెప్పాను. బుట్టలో కూర్చోబోతున్న పిన్ని నా వంక కాదు, నా వెనకనున్న గుమ్మం వంక చూసింది. బుట్ట ఎత్తేదాకా అటే చూసింది. తాళి కట్టాక నేను గుప్పెడు అక్షింతలు పట్టుకుని మళ్లీ కల్వర్టు దగ్గరికి వెళ్లాను. మేళం లేని పెళ్లి కదా, తాళి ఎప్పుడు పడిందో అంత దూరాన ఆయనకు తెలియలేదు. ‘‘అయిపోనాదేటే?’’ అని అడిగాడు. అయిపోయిందన్నాను. లేచి నిలబడి, అక్షింతలు రెండు చేతుల్లోకీ తీసుకుని, ఊరివైపు తిరిగి గాల్లోకి జల్లాడు. ఆ రోజు ఊళ్లో ఒక్క పిల్లా గూట్లోంచి పడలేదు.

పిన్ని కాపురం బాగుంది. అత్తగారు కూతురిలా చూసుకుంది. మేనమామ కూడా కారు కాపలా సంగతి ఎక్కడా ఎత్తలేదు. కానీ ఆ సంబంధం తాతయ్యకు ఇష్టం లేదనీ, అందుకే పందిట్లోకి రాలేదనీ పిన్ని మనసులో పడిపోయింది. ఎప్పుడొచ్చినా కొంగుముడి విప్పినంత తేలిగ్గా ఆ మాట బయటికొచ్చేది. ‘‘మర్నాడే గట్లంట తిరిగీసినాడు మా నాన్న. ఏ మందేసినాడో ఆ మోకాలికి!’’ అని నవ్వేది. ఆ నవ్వు వింటూ తాతయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకునేవాడు. నేను పుస్తకంలో తల దూర్చేదాన్ని. మాట్లాడకపోవడం నాకెప్పుడూ కష్టమైన పని కాదు. నా బిడియాన్ని అందరూ బుద్ధి అనుకున్నారు. మాట నిలబెట్టుకోవడం అని నేను అనుకున్నాను.

తాతయ్య ఉండగా చెప్పి ఉంటే పిన్ని ఆయన్ని తిట్టేది, ఏడ్చేది, అన్నం కలిపి పెట్టేది. ఇప్పుడు చెబితే ఆ ఏడుపు ఎవరి భుజం మీద ఏడుస్తుంది? ఎవరైనా ‘ఎవరికీ చెప్పకు’ అంటే ఇప్పుడు నేను ఊరికే తలూపను. ఎన్నాళ్ల వరకు అని అడుగుతాను. ఆ రోజు నాకా ప్రశ్న తెలియదు.

తాతయ్య మంచం పట్టాక పిన్ని చూడ్డానికి వచ్చింది. పళ్లు పెట్టి, అత్తను మందుల గురించి అడిగి, ఆయన్ని పెద్దగా పలకరించకుండానే సాయంత్రం బయల్దేరింది. కల్వర్టు వైపు నడిచి వెళ్తున్న పిన్నిని ఆయన కిటికీలోంచి కనబడినంత దూరం చూశాడు. తరవాత నన్ను పిలిచి, పెళ్లినాటి సంగతి పిన్నికి చెప్పానా అని అడిగాడు. నేను గర్వంగా లేదన్నాను. ఎవరికీ చెప్పలేదన్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడన్నదే ఆయన నోట నేను విన్న ఆఖరి మాట.

‘‘ఈపాటికి సెప్పీసుంటావనుకున్నానే, గుంటా.’’