పసుపు అంగీల మీద పసుపు గుండ్లు

నా దోస్తు ఒకడు హైదరాబాద్‌లో ఒకే ఒక్కసారి పెయింట్‌బాల్ ఆడి, తిరిగొచ్చాక సరిహద్దు కాపలా కాసి వచ్చినవాడిలా నడవడం మొదలుపెట్టాడు. రంగు నింపిన గుండ్లను గాలి తుపాకీతో ఎదుటివాడి మీద పేల్చడమే ఆట. గుండు పగిలి ఒంటి మీద రంగు పడితే చచ్చినట్టు. చేతులెత్తి బయటికి పోవాలి. హోలీ ఆడటానికి ఇంత కష్టం దేనికని అడిగాను. వాడు నన్ను జాలిగా చూశాడు.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన రోజులవి. నిజామాబాద్‌లో ఆదివారం చేయడానికి ఏమీ లేదని వాడి బాధ. ఏమీ చేయకపోవడమే మేం ఆదివారం చేసే పని అన్న సంగతి వాడికి తట్టలేదు. ఇందల్వాయి దాటాక హైవే పక్కన వాళ్ల బాపుకు పసుపు చేను ఉంది. తవ్వకం అయిపోయి అది ఎండాకాలమంతా ఖాళీగా ఉంటే, దాన్ని ఆట స్థలం చేస్తానని బాపు వెంటపడ్డాడు. నెల రోజులు విన్నాక బాపు తేల్చేశాడు.

"ఒక్క ఐతారం ఆడి సూపెట్టు. నాకు మంచిగనిపిస్తే చేను నీది. లేకుంటె మిరుగు రాంగనె, తొలి వానకు పసుపు వెడ్త. మల్ల నా ఎనుక తిరగొద్దు."

ఇక వాడిని ఆపేవాడు లేడు. పాత ట్రాక్టర్ టైర్లు దొర్లించుకొచ్చాడు. బోధన్ వైపు నుంచి ఎండు చెరకు ఆకు తెప్పించి గోడల్లా పేర్చాడు. ఎవరో వాడి పారేసిన తుపాకులు, మొహం మొత్తం కప్పే ముసుగులు ఎనిమిదేసి కొన్నాడు. గుండ్లు పసుపు రంగువే అగ్గువకు దొరికాయట. మన జిల్లా రంగు గదా అని గర్వపడ్డాడు కూడా. మిలటరీ చారల అంగీ కుట్టించుకున్నాడు. నేల మీద పాకడం నేను మూడో ఏటనే మానేశానని చెప్పినందుకు నన్ను రిఫరీ చేసి మెడలో విజిల్ వేశాడు.

ఆడటానికి వచ్చేవాళ్లందరికీ ముందే కబురు పెట్టాడు. "రంగు పోదు. పాత అంగీలేసుకొని రాండ్రి."

మా జిల్లాలో పాత అంగీ అంటే ఒకటే అర్థం. పసుపు ఉడకబెట్టేటప్పుడు, డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ పట్టేటప్పుడు తొడుక్కునేది. వచ్చిన ఏడుగురూ మెడ నుంచి నడుము దాకా పసుపుగా వచ్చారు. చేతిలో పసుపు గుండ్లు. ఇందులోని తిరకాసు నాకు అప్పుడే అర్థమైంది. చెప్పలేదు. ఆదివారం కదా.

మొదలవగానే అందరికీ పూనకం వచ్చింది. జిరాక్స్ షాపులో కాయితాలు తిప్పే ఒకడు మోచేతుల మీద పాక్కుంటూ, ఎవరికీ అర్థంకాని సైగలు చేస్తూ పోయాడు. నాలుగడుగులు పాకేసరికి వాడి ఛాతీ మీద టప్పుమని గుండు పగిలింది. విజిల్ ఊదాను.

"సచ్చినవ్. బయటికి నడువు."

"ఏడ సచ్చిన? గిది పసుపు. మొన్న డ్రమ్ము కాడ అంటింది."

"తడిగున్నది గదనే."

"ఎండ ఎట్లున్నదో సూడరాదు? చెమట."

ఆ మాట అందరికీ నచ్చింది. గంటసేపు ఒకరినొకరు కాల్చుకున్నారు. ఒక్కడూ చావలేదు. పది గుండ్లు తిన్నవాడు కూడా పసుపే అని ప్రమాణం చేశాడు. నేను ఒక్కొక్కడి ఛాతీ దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తూ తిరిగాను. చెమట తప్ప ఏదీ తెలియలేదు. నా దోస్తు మొహం వాడిపోయింది.

అప్పటిదాకా చేను ఒడ్డున డబ్బా మీద కూర్చుని బీడీ తాగుతున్న బాపు, బీడీ నలిపేసి లేచాడు. ముసుగు లేకుండానే యుద్ధభూమిలోకి నడిచొచ్చాడు. అందరూ కాల్చడం ఆపారు. జిరాక్స్ వాడి అంగీ మీది మరకను బొటనవేలితో రుద్ది, వాసన చూశాడు. నలభై ఏళ్లుగా పసుపు కొమ్ము విరిచి రకం చెప్పే మనిషి.

"పసుపయితె గరుకుంటది. ఇది నూనె లెక్క జారుతున్నది. నువ్వు సచ్చినవ్ బిడ్డా, పొయ్యి నీడకు కూసో."

వాడు పోయి నీడలో కూర్చున్నాడు. ఆ తర్వాత గుండు పగిలిన ప్రతిసారీ బాపునే పిలిచారు. ఒకడి అంగీ రుద్ది, "ఇది మాత్రం పసుపే, అది గూడ పుచ్చుది, నువ్వు ఆడు" అన్నాడు. నవ్వుతున్నాడు కూడా. దోస్తు నా చెవిలో, "బాపుకు పసందయింది రా. చేను మనదే" అన్నాడు.

చివరికి అవతలి జట్టులో ఒకడు, ఇటు నా దోస్తు మిగిలారు. మధ్యలో వెదురుకర్రకు కట్టిన ఎర్ర తువ్వాల ఎత్తుకొస్తే గెలుపు. వీడు ఉరికాడు. తువ్వాల అందుకునే ముందే చారల అంగీ మీద గుండు పగలడం నేను చూశాను. బాపు కూడా చూశాడు.

"నేను కొట్టిన కాకా, కొత్త అంగి మీదనే," అన్నాడు అటువాడు.

గంట నుంచి అందరి నోటా విన్న మాట వీడి నోటికీ వచ్చేసింది. "పసుపే బాపు."

బాపు రుద్దలేదు, వాసన చూడలేదు.

"నీకు పసుపు ఏడ అంటింది రా? తవ్వకం నాడు రాకపోతివి. ఉడకవెట్టిన నాడు హైదరాబాద్ల ఉంటివి. డ్రమ్ము కాడ మీ అవ్వ, నేను. చెప్పు, ఏడ అంటింది?"

విజిల్ నా నోట్లోనే ఉంది. ఊదే అవసరం రాలేదు. వాడు తువ్వాల కింద పెట్టి, చేతులెత్తి, వెళ్లి జిరాక్స్ వాడి పక్కన కూర్చున్నాడు.

"ఆట మంచిగనె ఉన్నది," అన్నాడు బాపు, నాతో. "టైర్లు తీయించు."

మిరుగు రాగానే చేనులో పసుపు పెట్టారు. మళ్లీ పాలిష్ రోజులకు నేను అటు పోతే డ్రమ్ము తిరుగుతోంది. దుమ్ములో వాళ్లమ్మ, బాపు, వాడు ముగ్గురూ పెయింట్‌బాల్ ముసుగులు పెట్టుకుని నిలబడ్డారు. కళ్లలో దుమ్ము పడటం లేదట. ఆ ఆట వల్ల మా జిల్లాకు జరిగిన మేలు అదొక్కటే. మిలటరీ చారల అంగీ మీద చారలు కనిపించడం లేదు.

"సచ్చినవా రా?" అన్నాను.

"ఎప్పుడో," అన్నాడు ముసుగు లోంచి. "జర ఆ బస్త మూతి పట్టు."