గ్యాస్ రేకు మీద బొట్టు

ఆ రోజు డైరీలో రైలు తప్పిందని మాత్రమే రాశాను. కోపంతో మిగతాది రాయబుద్ధి కాలేదు.

ప్రత్తిపాడు నుంచి గుంటూరు స్టేషనుకు ఆటోలో వస్తున్నాను. విజయనగరం వెళ్లే రైలుకు ఇంకా అరగంటే ఉంది. దారిలో డ్రైవరు మస్తాన్ గ్యాస్ కోసం బంకులోకి తిప్పాడు. సిలిండరు పరీక్ష గడువు చూడనిదే గ్యాస్ పట్టనన్నాడు బంకు ఉద్యోగి. గడువు చెక్కిన రేకు మీద పసుపు కుంకుమలు అట్టకట్టి ఒక్క అంకె కూడా కనబడడం లేదు.

"దసరాకి మా స్టాండులో అన్ని బళ్లకీ పూజ చేశారండి," అన్నాడు మస్తాన్.

"మంచిదే. తుడిచెయ్."

"అమ్మో, సాయిబు బొట్టు చెరిపేశాడంటారు. మీరు తుడవండి."

జేబురుమాలు తడిపి పది నిమిషాలు రుద్దాను. గడువు ఇంకా నాలుగు నెలలుంది. గ్యాస్ పట్టారు. నేను ఎక్కి కూర్చున్నా బండి కదల్లేదు. మస్తాన్ స్టాండు పెద్దకు ఫోన్ చేశాడు.

"అన్నా, బొట్టు తుడిచింది నేను కాదు, విజయనగరం పెద్దాయన. నువ్వే అడుగు," అంటూ ఫోను నా చేతిలో పెట్టాడు.

ముక్కూ మొహం తెలియని ఆ మనిషికి రేకు సంగతంతా మొదటి నుంచి చెప్పాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు.

"స్నానం చేసే తుడిచారా అండి?"

"తెల్లారకముందే చేశానయ్యా!" అని అరిచాను. అప్పుడుగానీ మస్తాన్ ఆటో స్టార్ట్ చేయలేదు.

మేం చేరేసరికి ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. మస్తాన్ నా సంచి బెంచీ మీద పెట్టి ఓదార్చాడు.

"పోనీలెండి, సిలిండరుకి గడువుందని తెలిసిందిగా."