బాబాయి అరువు తెచ్చిన వైనరీ

మా బాబాయికి కొనడం చేతకాదు. అడిగి తెచ్చుకోవడం మాత్రం ఆయనంత దర్జాగా ఇంకెవరూ చేయలేరు. గొడుగు, సుత్తి, ఇస్త్రీపెట్టె సరే, ఒకసారి షికారుకి తోడుంటుందని పక్కింటివాళ్ళ కుక్కని కూడా అడిగి తెచ్చుకున్నారు. ఆయన తలుపు తడితే మా వీధిలో "ఎవరూ?" అని అడగరు. "ఈసారి ఏం కావాలి?" అంటారు.

"నా వేలికి తొడిగిన ఉంగరం కూడా అరువుదేమో అని చాన్నాళ్ళు అనుమానపడ్డానురా," అంటుంది పిన్ని.

పైగా ఊరికే తెచ్చుకోరు. "నా చేతులు అసలే మొరటువి. మీరు కూడా వచ్చి ఎలా వాడాలో కాస్త చూపించి పోదురూ," అని ఇచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని వస్తారు. సుత్తి ఇచ్చిన పాపానికి వచ్చి మేకులు కొట్టి వెళ్ళినవాళ్ళు ఎంతమందో!

అలాంటి మనిషి ఓ మధ్యాహ్నం మా హోటల్ వంటగదిలోకొచ్చి ముక్కాలి పీట మీద కూర్చుని, "ఒరే, జన్మంతా ఎవరెవరి సీసాల్లోకో వైన్ చేసి పోశాను. ఇక మనమే ఒక చిన్న వైనరీ పెడదాం. నేను చేస్తాను, నువ్వు వడ్డించు," అన్నారు. నా గుండె ఉబ్బిపోయింది.

"మరి సామాను?" అన్నాను.

"సామానుకేం లోటురా? ఊరినిండా ఉంది."

ఉబ్బిన గుండె మళ్ళీ మామూలైంది.

మొదట కాటా కావలసి వచ్చింది. నా వంటింట్లోదే ఇస్తానంటే వద్దని, వెళ్ళి వెళ్ళి ఎదుటి హోటలావిణ్ణి అడిగారు. ఆవిడా నేనూ ఎన్నాళ్ళుగానో ఒకరి బోర్డు ఒకరు చూడకుండా తల తిప్పుకుని నడుస్తున్నవాళ్ళం. కాటా చంకన పెట్టుకుని ఆవిడ నా గుమ్మంలో నిలబడింది.

"మీ మీద నమ్మకం లేక నేనే తెచ్చానండీ," అంది, నా మొహం చూడకుండా.

"లోపలికి రండి," అన్నాను, ఆవిడ మొహం చూడకుండా.

నా చేపల పులుసు రుచి చూసి ఉప్పు తక్కువంది. నేను ఒప్పుకోలేదు. ఆ వాదన సాయంత్రం దాకా సాగి, చివరికి తన హోటల్ కింద నేలమాళిగ ఖాళీగానే ఉందని, చల్లగా ఉంటుందని, పీపాలు అక్కడ పెట్టుకోవచ్చని చెప్పి వెళ్ళింది. అలా వైనరీకి చోటూ, నాకు ఓ భాగస్వామీ దొరికారు. కాటా సంగతి అందరం మరిచిపోయాం.

ఇక మిగిలింది ద్రాక్ష పిండే మర. అది మా ఊళ్ళోనే ఉండే ఓ పెద్దాయన దగ్గరుంది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఆయన చేతి వైన్‌కి తిరుగులేదు. భార్య పోయాక కొట్టుకి తాళం వేసి, ఇంట్లోంచి బయటికి రావడమే మానేశారు.

"మీ మర రెండు రోజులు ఇప్పిస్తారా?" అని అడిగారు బాబాయి.

"ఇవ్వను."

"పోనీ గరాటు?"

వదిలించుకోవడానికి గరాటు కిటికీలోంచి అందించారు పెద్దాయన. బాబాయి సరిగ్గా ఆ కిటికీ ఎదురుగానే కూర్చుని, ఆ గరాటుతో కుండీలో మొక్కకి నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. కాసేపటికి తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఏమయ్యా! వైన్ పోసే గరాటు అది! బుద్ధుందా?"

"నాకేం తెలుసండీ? మీరొచ్చి చూపిస్తే కదా!"

ఆ మర్నాడు పీపా కడిగే బ్రష్షు, ఆ తర్వాత కుళాయి. ఒక్కొక్కటీ మా దగ్గరికి రావడం, వెనకాలే పెద్దాయన తిట్టుకుంటూ రావడం. మర మాత్రం రాలేదు.

ఇంతలో మా తోటలో ద్రాక్ష పండిపోయింది. ఆ ఉదయం తోటలోంచి ద్రాక్ష బుట్టలు దిగాయి. ఎండ ఎక్కుతోంది. ఆ రోజు పిండకపోతే ఏడాది పంట మట్టిపాలు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒక్క మర కొంటే మీ సొమ్మేం పోయేది బాబాయ్! ఇప్పుడీ కాయ నెత్తిన పెట్టుకుని ఊరేగమంటారా?"

ఆయన బోర్లించిన బుట్ట మీద కూర్చుని వీధి వైపే చూస్తున్నారు. కాళ్ళు మాత్రం ఒకటే ఊపుతున్నారు. ఆయన కంగారుపడటం నేను చూసింది అదొక్కసారే.

అప్పుడు మలుపులో బండి కనిపించింది. మర పక్కనే చొక్కా చేతులు మడిచి నిలబడ్డారు పెద్దాయన.

"తప్పుకోండి. దీన్ని తిప్పడం మీ వల్ల కాదు."

ఆ రోజు మా అందరినీ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. రసం మాత్రం తేటగా, బంగారంలా దిగింది.

మొదటి సీసా తెరిచే ముందురోజు, బల్లగుడ్డల కోసం పిన్ని నన్ను వాళ్ళ వెనక గదిలోకి పంపింది. అక్కడ గరాటులు, బ్రష్షులు, ఓ కాటా, వాటి మధ్య నూనె రాసి తళతళలాడుతున్న ద్రాక్ష పిండే మర!

"పిన్నీ! ఇదేమిటి?"

"మీ బాబాయిదే. ఎప్పట్నుంచో ఉంది."

"మరి ఊరంతా అడుక్కోవడం ఎందుకు?"

"ఇది వాడుకుంటే ఆ పెద్దాయన గడప దాటేవారా? నువ్వూ ఎదుటి హోటలావిడా మాట్లాడుకునేవారా?" అని బల్లగుడ్డలు నా చేతిలో పెట్టింది. "ఆ పెద్దాయనతో మాత్రం అనకు. నొచ్చుకుంటారు."

మర్నాడు నేలమాళిగ నిండా జనం. సీసా మీద రెండు హోటళ్ళ పేర్లూ, ఇద్దరు వైన్ మేష్టర్ల పేర్లూ పక్కపక్కనే చూసుకుంటుంటే గర్వంతో నాకు నేల మీద కాలు నిలవలేదు. పెద్దాయన గ్లాసు పట్టుకుని నా పక్కకొచ్చారు.

"మీ బాబాయి దగ్గర మంచి మర ఉంది, తెలుసా?"

నేను గ్లాసులు తుడవడంలో పడ్డాను.

"వాడి పెళ్ళికి నేనిచ్చిందేనయ్యా అది!"

"తెలిసీ వచ్చారా?"

"ఎవరో ఒకరు పిలవాలి కదా," అని గ్లాసు ఖాళీ చేసి, అటు తిరిగి కేకేశారు: "ఏమయ్యా! పై అరలో సీసాలు సర్దాలి. మీ ఇంట్లో నిచ్చెనుంటే ఇస్తావా?"

నిచ్చెన ఆయన వెనకే గోడకి ఆనించి ఉంది. బాబాయి దాన్ని చూశారు. పెద్దాయనని చూశారు. మొహం వెలిగిపోయింది.

"ఇస్తానండీ. కానీ ఎక్కడం మీకు రాదు. నేను కూడా వస్తాను," అని, నిచ్చెన తేవడానికి ఇంటికి పరుగెత్తారు.